విండోస్ 11 ఎక్కించే ముందు: ప్రింటర్, తంబ్ మిషన్, ధర్మకాంటా ఆగిపోకుండా డ్రైవర్లు సర్దుకోవడం ఎలా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి హన్మకొండ చౌరస్తా జిరాక్స్ సెంటర్ల వాళ్లు, పరకాల, నర్సంపేట మీసేవ కేంద్రాల వాళ్లు, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు అందరిదీ ఒకటే మాట: "అన్నా, పదకొండు ఎక్కిచ్చినం, ప్రింటర్ వస్తలేదు." ప్రింటర్ స్థానంలో ఒకరికి వేలిముద్ర మిషన్ (తంబ్ మిషన్) ఉంటుంది, ఇంకొకరికి డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం సర్టిఫికెట్ దాచే, పెన్ డ్రైవ్ లాంటి పరికరం) ఉంటుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

డ్రైవర్ అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ లోపలి భాగాలకు అది దొరకడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. ఎనిమిదేళ్ల కిందట కొని, సీడీ పోగొట్టుకుని, వైరు చివర తగిలించుకున్న పరికరమే సతాయిస్తుంది. అందుకే ఈ పనిలో సగం విండోస్ 11 ముట్టుకోక ముందే అయిపోవాలి.

తొందర కూడా అక్కర్లేదు. వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనబడుతుంది. పత్తి సీజన్‌లో కాంటా కంప్యూటర్‌ను, అడ్మిషన్ల సమయంలో జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌ను కదిలించకండి.

ఏమేం కావాలి

- పెన్ డ్రైవ్‌లు రెండు: ఒకటి విండోస్‌కు (8 జీబీ చాలు), ఒకటి డ్రైవర్లకు (16 జీబీ అయితే మంచిది)
- మీ ఫైళ్లన్నీ పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్
- వైరు ఉన్న మామూలు యూఎస్‌బీ మౌస్, ల్యాప్‌టాప్ అయినా సరే
- ఆండ్రాయిడ్ ఫోన్, దాని డేటా కేబుల్
- పనిచేసే యూపీఎస్ (బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ స్టెబిలైజర్‌తో సమానం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు)
- ఒక కాగితం, పెన్ను
- గిరాకీ లేని ఒక పూట

1. ముందు కాగితం మీద రాసుకోండి

కంప్యూటర్ వెనక్కి వెళ్లి, తగిలించి ఉన్న ప్రతి వైరునూ చేత్తో పట్టుకుని దాని అవతలి చివర ఏముందో చూడండి. ప్రింటర్, స్కానర్, తంబ్ మిషన్, వెబ్ కెమెరా, బార్‌కోడ్ రీడర్, టోకెన్, పాత సాఫ్ట్‌వేర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి తగిలించే తాళంచెవి లాంటి ముక్క) అన్నీ రాయండి. వారానికి ఒకసారే తగిలించేవి మర్చిపోతారు. పాన్ కార్డుల స్కానర్ ఏ బీరువాలో ఉందో గుర్తు చేసుకోండి.

పేరు ఒక్కటే సరిపోదు, స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబర్ కావాలి. 'కెనాన్ ప్రింటర్' అని వెతికితే ఏమీ తేలదు, 'ఎల్‌బీపీ 2900' అంటే తేలుతుంది.

తర్వాత స్టార్ట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతికి తెరవండి. అందులో మూడు సంగతులు రాసుకోవాలి: సిస్టమ్ టైప్, ప్రాసెసర్, బయోస్ మోడ్ (బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్).

2. మీ కంప్యూటర్‌కు విండోస్ 11 పడుతుందా?

మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' అనే చిన్న ప్రోగ్రామ్ నడిపితే అదే చెబుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పుడు చేసే భద్రతా తనిఖీ) ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి అర్హత ఉంది. ఐ5 తర్వాత గీత పక్కన 7200 అని ఉంటే అది 7వ తరం, 8250 అని ఉంటే 8వది, 10210 అని ఉంటే 10వది.

సిస్టమ్ టైప్‌లో 'ఎక్స్86' అని ఉంటే ఆగండి. అది 32 బిట్ విండోస్. పాత ప్రింటర్ కోసం కొన్ని షాపుల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. పైనుంచి అప్‌గ్రేడ్ కాదు, ఫార్మాట్ చేసి కొత్తగా వేయాల్సిందే. ఇప్పుడు వాడుతున్న 32 బిట్ డ్రైవర్లలో ఒక్కటీ అక్కడ పనికిరాదు.

బయోస్ మోడ్ 'లెగసీ' అని ఉంటే, ఎవరో చెప్పారని బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేసేయకండి. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది, ముందు దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. మార్చకుండా యూఈఎఫ్ఐ (బయోస్ కొత్త రకం) మోడ్‌కి వెళ్తే కంప్యూటర్ బూట్ కాదు. అలా అయితే కంగారు పడకుండా మళ్లీ లెగసీకి పెడితే పాతది లేస్తుంది.

అర్హత లేని మెషిన్‌లో అడ్డదారిన ఎక్కించే కిటుకులు ఉన్నాయి. ఇంట్లో పిల్లలు వాడుకునే కంప్యూటర్‌కు మీ ఇష్టం. అన్నం పెట్టే కంప్యూటర్‌కు మాత్రం వద్దంటాను. రేపు డ్రైవర్ మొరాయిస్తే తయారీ కంపెనీ 'ఈ మోడల్‌కు విండోస్ 11 లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

3. డ్రైవర్లు ఇప్పుడే దించుకోండి

ల్యాప్‌టాప్ అయితే కింది స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు. కంపెనీ సపోర్ట్ పేజీలో ఆ నంబర్ కొడితే మీ మెషిన్‌కు సరిపోయే డ్రైవర్లు వస్తాయి. అసెంబుల్డ్ అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 'బేస్‌బోర్డ్ ప్రొడక్ట్' అని మదర్‌బోర్డు మోడల్ ఉంటుంది, దాంతో వెతకండి.

విండోస్ 11 అని ప్రత్యేకంగా లేకపోతే విండోస్ 10 64 బిట్ డ్రైవర్ దించుకోండి. రెండింటి పునాది దాదాపు ఒకటే కాబట్టి ఎక్కువసార్లు నడుస్తుంది. విండోస్ 7 డ్రైవర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

అన్నిటికంటే ముందు పెన్ డ్రైవ్‌లోకి రావాల్సింది నెట్‌వర్క్ డ్రైవర్, అంటే వైఫై, లాన్. అది లేకపోతే మిగతావి దించుకునే దారే మూసుకుపోతుంది. ఆ తర్వాత చిప్‌సెట్, గ్రాఫిక్స్, సౌండ్, టచ్‌ప్యాడ్. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 'సీరియల్ ఐఓ' అనే డ్రైవర్ లేక టచ్‌ప్యాడ్ పూర్తిగా మాయమైన సందర్భాలు చాలా ఉంటాయి, అందుకే మౌస్ దగ్గర పెట్టుకోమన్నాను.

'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లు' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. మన దగ్గర రిపేర్ షాపుల్లో ఇవి బాగా అలవాటు. డ్రైవర్‌తో పాటు అడగని బ్రౌజర్, యాంటీవైరస్ కూడా దిగుతాయి. పనిచేస్తున్న సౌండ్ డ్రైవర్ తీసేసి ఇంకేదో పెట్టినా పెడతాయి.

4. పాత డ్రైవర్లను దాచుకోండి

ఇది చాలామందికి తెలియదు, చేయడానికి ఖర్చు లేదు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, దానిలో ఫైల్‌రిపాజిటరీ. ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కొన్ని జీబీలు ఉంటుంది, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ఇప్పుడు మీ కంప్యూటర్లో నడుస్తున్న డ్రైవర్లు దాదాపు అన్నీ అందులో ఉంటాయి, సీడీ పోయిన పరికరానివి కూడా. రేపు డివైస్ మేనేజర్‌కు (పరికరాల జాబితా చూపే విండోస్ పేజీ, 7వ దశలో వస్తుంది) ఈ ఫోల్డర్ చూపిస్తే కావాల్సింది అదే వెతుక్కుంటుంది. కట్ చేయకండి, కాపీ మాత్రమే.

ఈ దశలోనే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరుచుకుంటుంటే, మీకు తెలియకుండానే డిస్క్‌కు తాళం పడి ఉండొచ్చు. బయోస్‌లో ఏదైనా మార్చగానే 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైస్‌ల పేజీలో అది దొరుకుతుంది. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

5. సతాయించే పరికరాలు, ఒక్కొక్కటిగా

ప్రింటర్లు. జిరాక్స్ సెంటర్లలో కనబడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివి పేజీని తయారుచేసే పనిని కంప్యూటర్‌తోనే చేయించుకునే రకం. వాటికి వాటి డ్రైవరే కావాలి, విండోస్ ఇచ్చే మామూలు డ్రైవర్‌తో ఒక్క గీత కూడా రాదు. 64 బిట్ డ్రైవర్ ముందే దించుకోండి. కెనాన్‌కు యూఎస్‌బీ వైరు తీసేసి ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి, అది అడిగినప్పుడే వైరు పెట్టి ప్రింటర్ ఆన్ చేయండి. ముందే వైరు పెడితే 'అన్‌నోన్ డివైస్' అని కూర్చుంటుంది.

విండోస్ అప్‌డేట్ ద్వారా ప్రింటర్ కంపెనీల డ్రైవర్లు ఇవ్వడాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోతామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే ప్రకటించింది. 'అదే వెతుక్కుంటుందిలే' అనే ధీమా ఇక వద్దు. కొత్త విండోస్ 11లో ప్రింటర్ సెట్టింగుల కింద 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కంపెనీ డ్రైవర్ల మీద నడిచే పాత ప్రింటర్లన్నీ ఆగిపోతాయి. పేరు బాగుందని నొక్కకండి.

తంబ్ మిషన్. దీనికి రెండు ముక్కలు: డ్రైవర్ ఒకటి, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను ఆధార్ పనులకు అందించే సాఫ్ట్‌వేర్) ఒకటి. డ్రైవర్ ముందు, సర్వీస్ తర్వాత. డివైస్ మేనేజర్‌లో మిషన్ చక్కగా కనబడుతున్నా వేలిముద్ర తీసుకోవడం లేదంటే తప్పు ఎక్కువగా రెండో ముక్కలో ఉంటుంది. 'సర్వీసెస్'లో ఆర్‌డీ సర్వీస్ 'రన్నింగ్' అని ఉందో లేదో చూడండి.

డిజిటల్ సంతకం టోకెన్. ఈపాస్, ప్రాక్స్‌కీ లాంటి వాటి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దించి పెట్టుకోండి. ముఖ్యమైన హెచ్చరిక: టోకెన్ పనిచేయకపోతే 'ఇనిషియలైజ్' నొక్కకండి. లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది, మళ్లీ కొనుక్కోవాలి.

ధర్మకాంటా కేబుల్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో పత్తి ట్రాక్టర్ కాంటా మీద నిలబడి ఉంటుంది. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు సరిగ్గానే వెలుగుతుంటాయి. కంప్యూటర్ తెర మీద మాత్రం సున్నా. కాంటా బాగానే ఉంది, ఇండికేటర్ బాగానే ఉంది, మధ్యలో ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఆగిపోయింది.

ఆ కేబుళ్లలో చాలావాటి లోపల ప్రొలిఫిక్ కంపెనీ పీఎల్2303 చిప్ ఉంటుంది, లేదా దాని నకలు. ఆ చిప్ పాత రకమైన హెచ్‌ఎక్స్‌ఏను 2012లోనే ఆపేశారు. కొత్త డ్రైవర్ పాత చిప్‌ను గుర్తుపట్టి, డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు ఉండాల్సిన చోటే '2012 నుంచి ఆపేశాం, అమ్మినవాళ్లను అడగండి' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం చూపిస్తుంది. నకిలీదైతే 'ఇది ప్రొలిఫిక్ కాదు' అంటుంది. కేబుల్ కాలిపోలేదు, డ్రైవరే దాన్ని ఒప్పుకోవడం లేదు.

దీనికి రెండు దారులు. ఒకటి, డివైస్ మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, 'లెట్ మీ పిక్' వరకు వెళ్లి పాత వెర్షన్ ఎంచుకోవడం. దాచుకున్న ఫోల్డర్‌లో పాతది ఉంటే ఇక్కడ అక్కరకొస్తుంది. కానీ విండోస్ అప్‌డేట్ ఏదో ఒకరోజు కొత్త డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించవచ్చు. రెండోది, ఎఫ్‌టీడీఐ లేదా సీహెచ్340 చిప్ ఉన్న కొత్త కేబుల్ కొనడం. లారీ కాంటా మీద నిలబడి ఉండగా మొదటి దారిని నమ్ముకోలేం. కొత్త కేబుల్ కొనమనే చెబుతాను.

కేబుల్ మారిస్తే కామ్ పోర్ట్ నంబర్ (ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చే నంబర్) మారుతుంది. కాంటా సాఫ్ట్‌వేర్ కామ్ 3 కోసం చూస్తుంటే కొత్తది కామ్ 7లో కూర్చుంటుంది. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందే పాత కామ్ నంబర్, బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం) రాసుకోవాలి. తర్వాత పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి పాత నంబరే ఇవ్వండి. ఆ నంబర్ పక్కన 'ఇన్ యూజ్' అని వస్తే, డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' పెట్టి, మసకగా కనబడే పాత కేబుల్‌ను తీసేయండి.

పాత సాఫ్ట్‌వేర్ డాంగిళ్ల సంగతి ఒక్క ముక్కలో: అమ్మినవాళ్లకు ఫోన్ చేసి 'విండోస్ 11 64 బిట్‌కు డ్రైవర్ ఉందా' అని ముందే అడగండి. 'చూద్దాం లెండి' అన్నారంటే లేదని అర్థం.

6. ఎక్కించడం

మన దగ్గర ఏ రోగానికైనా ఫార్మాట్ కొట్టడమే మందు అన్నట్టు ఉంటుంది. ఈ పనికి అది తప్పు దారి. 64 బిట్ విండోస్ 10 నడుస్తూ ఉంటే, దాని మీదే అప్‌గ్రేడ్ చేయండి. సెటప్‌లో 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకుంటే ఉన్న డ్రైవర్లలో చాలావాటిని అదే వెంట తీసుకెళ్తుంది.

మొదలుపెట్టే ముందు కీబోర్డు, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ వైర్లన్నీ పీకేయండి. కరెంటు యూపీఎస్ మీద ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి ఉండాలి. బయోస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే ఈ నియమం రెట్టింపు గట్టిగా పాటించండి. అది జరుగుతుండగా కరెంటు పోతే మదర్‌బోర్డు బాగు చేయించుకోవాల్సిన పరిస్థితి వస్తుంది.

సెటప్ మధ్యలో ఫలానా డ్రైవర్ 'నీడ్స్ యువర్ అటెన్షన్' అని ఆపితే పేరు రాసుకుని, దాన్ని తీసేసిగానీ కొత్తది వేసిగానీ మళ్లీ రండి. ఉదాహరణకు 11వ తరం ఇంటెల్ మెషిన్లలో 'స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ' డ్రైవర్ 10.29.0.5152, 10.30.0.5152 వెర్షన్లు విండోస్ 11లో బ్లూ స్క్రీన్ తెప్పించేవి. మైక్రోసాఫ్టే ఆ మెషిన్లకు అప్‌గ్రేడ్ ఆపి ఉంచింది. చివరి అంకె 5714 లేదా ఆపైన ఉన్న వెర్షన్ వేసుకుంటే ఆ అడ్డు తొలగుతుంది. అప్‌డేట్ పేజీ 'ఇంకా సిద్ధంగా లేదు' అంటుంటే ఇలాంటి కారణమే ఉంటుంది, బలవంతంగా ఎక్కించకండి.

ఫార్మాట్ తప్పనివాళ్లకు రెండు చిక్కులు ఎదురవుతాయి. 11వ తరం, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎంచుకునే చోట జాబితా ఖాళీగా కనబడవచ్చు. హార్డ్‌డిస్క్ పోలేదు, దాన్ని చూపించడానికి ఇంటెల్ వీఎండీ డ్రైవర్ కావాలి. కంపెనీ సైటు నుంచి ముందే దించి, జిప్ విప్పి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించండి. రెండోది, ఇన్‌స్టాల్ చివర నెట్ అడిగి వైఫై కనబడకపోవడం. ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను వైరు ద్వారా కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేయండి, చాలావరకు ఏ డ్రైవరూ లేకుండానే నెట్ వస్తుంది.

7. డివైస్ మేనేజర్ చూడటం

స్టార్ట్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్. పసుపు గుర్తు ఉన్న ప్రతిదాన్నీ డబుల్ క్లిక్ చేసి కోడ్ చదవండి.

కోడ్ 28: డ్రైవరే లేదు. పెన్ డ్రైవ్‌లోది చూపించండి.
కోడ్ 10: డ్రైవర్ ఉంది, పరికరం మొదలవడం లేదు. తప్పు వెర్షన్ అయి ఉండొచ్చు.
కోడ్ 43: పరికరమే తప్పు చెబుతోంది. ముందు వేరే యూఎస్‌బీ పోర్టు, వేరే కేబుల్ మార్చి చూడండి.
కోడ్ 52: డ్రైవర్‌కు డిజిటల్ సంతకం లేదు. అలాంటి డ్రైవర్ కోసం విండోస్ తనిఖీ ఆపేయకండి, వేరేది వెతకండి.
కోడ్ 39: డ్రైవర్ ఫైలు పాడైంది, లేదా 'మెమరీ ఇంటిగ్రిటీ' దాన్ని అడ్డుకుంటోంది.

ఈ మెమరీ ఇంటిగ్రిటీ విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ కింద ఉంటుంది. దాన్ని ఆపేస్తే పాత డ్రైవర్ నడుస్తుంది నిజమే. బ్యాంకు, ఆధార్ పనులు జరిగే కంప్యూటర్‌లో దాన్ని ఆపి వదిలేయడం నాకు నచ్చదు. కొత్త డ్రైవర్ ఎక్కడా దొరకలేదని తేలాకే ఆ ఆలోచన చేయండి.

'అన్‌నోన్ డివైస్' అని పేరు లేకుండా ఉంటే, డీటెయిల్స్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. అందులో వెండర్ కోడ్ 8086 ఉంటే ఇంటెల్‌ది, 10ఈసీ రియల్‌టెక్, 10డీఈ ఎన్విడియా, 1002 ఏఎండీ. ఆ వరుసను అలాగే కాపీ చేసి నెట్‌లో వెతికితే పరికరం పేరు బయటపడుతుంది. కానీ డ్రైవర్ మాత్రం కంపెనీ సైటు నుంచే తెచ్చుకోండి.

కంపెనీ సైటులో లేనివి కొన్నిసార్లు విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ కింద ఉంటాయి. అవసరమైనదే టిక్ పెట్టండి. బాగా నడుస్తున్నదానికి కొత్తది వచ్చిందని ఎక్కించాల్సిన పని లేదు.

8. నిజంగా పనిచేస్తోందా?

పసుపు గుర్తులు పోయాయంటే పని అయిపోయినట్టు కాదు. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే పసుపు గుర్తు లేకపోయినా గ్రాఫిక్స్ డ్రైవర్ లేనట్టే.

పరికరాలను ఒక్కొక్కటిగా తగిలించండి, ఒకటి పూర్తిగా నడిచాకే ఇంకొకటి. ప్రింటర్‌కు టెస్ట్ పేజీ సరిపోదు. పది పేజీల పీడీఎఫ్ ఇవ్వండి, రెండు వైపులా ప్రింట్ ఉంటే అదీ చూడండి, స్కానర్ ఉంటే స్కాన్ చేయండి. ఆల్ ఇన్ వన్‌లో ప్రింట్ వచ్చి స్కాన్ రాకపోవడం మామూలే, దానికి విడిగా డ్రైవర్ ఉంటుంది. తంబ్ మిషన్‌ను రోజూ వాడే పోర్టల్‌లోనే పరీక్షించండి. టోకెన్‌తో ఏదైనా పీడీఎఫ్‌కు సంతకం పెట్టి చూడండి. కాంటాకు బరువు తెలిసిన బండిని ఎక్కించి, ఇండికేటర్ అంకె, తెర మీది అంకె, చీటీ మీది అంకె మూడూ కలిశాయో చూడండి.

తర్వాత కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ డ్రైవర్ల లోపాలు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. సౌండ్ రాకపోతే, 'లెట్ మీ పిక్'లో 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' ఎంచుకుంటే సరైన డ్రైవర్ దొరికేదాకా పని గడుస్తుంది.

నాలుగు రోజులయ్యాక స్టార్ట్‌లో 'రిలయబిలిటీ హిస్టరీ' వెతికి చూడండి. రోజుల వారీగా గ్రాఫ్ వస్తుంది. ఎర్ర ఇంటూ గుర్తులు ఒకే పేరు మీద పడుతుంటే ఆ డ్రైవర్‌ను మార్చాలి.

9. కుదరకపోతే వెనక్కి

అప్‌గ్రేడ్ చేసిన నాటి నుంచి 10 రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' నొక్కితే విండోస్ 10 తిరిగి వస్తుంది. ఆ పాతది సి డ్రైవ్‌లో 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. స్థలం సరిపోవడం లేదని డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్'కు టిక్ పెడితే వెనక్కి వెళ్లే దారి అక్కడితో మూసుకుపోతుంది. ఫార్మాట్ చేసినవాళ్లకు ఈ సదుపాయమే లేదు. ఒక్క డ్రైవరే తేడా చేస్తే మొత్తం వెనక్కి వెళ్లే ముందు, డివైస్ ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి చూడండి. అది మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగలలేదన్నమాట.

ఏ దారీ పనిచేయని పరికరం ఒకటి మిగిలితే, అది ఇంకా బాగానే నడుస్తుంటే, దాని కోసం పాత కంప్యూటర్ ఒకటి విండోస్ 10తోనే పక్కన ఉంచండి. లాన్ వైరు తీసేయండి, వైఫై ఆపేయండి, మెయిల్, బ్యాంకు పనులు అందులో చేయకండి. ఫైళ్లు పెన్ డ్రైవ్ మీద తెచ్చుకోండి, తెచ్చిన ప్రతిసారీ విండోస్ 11 మెషిన్‌లో స్కాన్ చేశాకే తెరవండి.